పాత మోటారుకారు ఇంజనుకు స్వల్పవ్యయముతో అశ్వశక్తి చేకూర్చుట

తొమ్మిదవ తరగతివారికి సామర్థ్యమను పాఠము చెప్పునపుడెల్ల నాకొక బాలుడు జ్ఞాపకమునకు వచ్చుచుండును. 2011వ సంవత్సరమున నేనా పాఠము ముగించి, సందేహము లేవైన నున్నచో నడుగుడని చెప్పగా, అతడు వెనుకబల్ల నుండి లేచి, "మాస్టరుగారూ, మా కారుకు అశ్వశక్తి పెరుగవలెనన్న నెంత డబ్బగును?" అని యడిగెను. తరగతి యంతయు నవ్వెను. అతడు మాత్రము నవ్వలేదు.

సాయంకాలము విచారింపగా సంగతి తెలిసినది. అతని తండ్రికి పాత అంబాసిడరు కారొకటి కలదు. ఆ కాలమున టాక్సీలుగా తిరుగు అంబాసిడర్లు చాలవరకు డీజిలు ఇంజనులు గలవి. వీరిది మాత్రము 1489 ఘన సెంటీమీటర్ల పెట్రోలు ఇంజను గల పాతబండి. విశాఖపట్టణమున పెండ్లిండ్లకును, సెలవుదినములలో అరకు ప్రయాణములకును దానిని బాడుగకు త్రిప్పి ఆయన కుటుంబమును పోషించుచుండెను. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాటురోడ్డు ఎక్కునప్పటికి బండి ఆయాసపడి, నీరు మరిగి, త్రోవలో రెండుమారులు నిలిచిపోవుచుండెను. ఎక్కినవారు దిగి రోడ్డుప్రక్కను నిలువవలసి వచ్చెడిది. ఆ సంవత్సరము పాత బేరగాండ్రు సయితము ఆయనను పిలుచుట మానిరి. ఒక షెడ్డువారు ఇంజను మార్చినగాని లాభము లేదనియు, 40,000 రూపాయలగుననియు చెప్పిరి. నూటికి మూడురూపాయల వడ్డీకి అప్పు తెచ్చుటకు ఆయన సిద్ధపడి యుండెను.

నాకు పుస్తకములోని భౌతికశాస్త్రమే గాని షెడ్డులోని విద్య తెలియదు. అయినను మన పాఠశాలలో మనుమని చదివించుచున్న వృద్ధ మేస్త్రీగారొకరు కలరు. వారియొద్దకు ఆ తండ్రిని వెంటబెట్టుకొని పోయితిని. మూడు ఆదివారముల సాయంకాలములు ఆ బండియొద్ద గడపి నేను నేర్చుకొన్నదియు, అటుపిమ్మట చదివి తెలిసికొన్నదియు చదువరులకు ఉపయోగపడునను తలంపుతో ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

అశ్వశక్తి యనగా నేమి?

ఆవిరియంత్రములను బాగుచేసిన జేమ్సు వాట్టు తన యంత్రము ఎన్ని గుర్రముల పని చేయునో కొనువారికి తెలుపుటకై ఈ కొలతను ఏర్పరచెను. ఒక నిమిషములో 33,000 పౌనుల బరువును ఒక అడుగు ఎత్తు లేపగల సామర్థ్యము ఒక అశ్వశక్తి. ఇది సుమారు 746 వాట్లకు సమానము. మన ప్రాంతపు లెక్కలో చెప్పవలెనన్న, 75 కిలోల ధాన్యపు బస్తాను ఒక్క సెకనులో ఒక మీటరు ఎత్తు లేపుట యించుమించుగా ఒక అశ్వశక్తి యగును.

ఇప్పుడు ఘాటు లెక్క చూతము. మనుష్యులతోను సామానుతోను కలిపి కారు 1,600 కిలోలు తూగునని యనుకొందము. పది మీటర్లు పోయినచో ఒక మీటరు ఎక్కు వాలుపై గంటకు 30 కిలోమీటర్ల వేగమున, అనగా సెకనుకు 8.33 మీటర్లు పోవునపుడు, బండి సెకనుకు 0.83 మీటరు పైకి లేచుచుండును. దీనికి కావలసినది సుమారు 13,000 వాట్లు, లేక 17½ అశ్వశక్తులు. చక్రములు దొర్లుటకు మరి రెండుమూడు చేర్చినను 20 అశ్వశక్తులకు మించదు. ఆ ఇంజను క్రొత్తగా నున్నపుడు సుమారు 50 అశ్వశక్తులు ఇచ్చెడిది.

ఈ లెక్క నల్లబల్లపై వేయగానే ఆ బాలుడు, "అయితే మాస్టరుగారూ, మా గుర్రములు ఉండవలసిన చోట లేవన్నమాట!" అనెను. సరిగా గ్రహించెను. క్రొత్త గుర్రములను కొనుటకు ముందు, తప్పిపోయిన గుర్రములను వెదకవలెను. పాత ఇంజనుల విషయమున చౌకయగు మార్గములలో మొదటిది ఇదియే.

ఇంజను పీల్చినంత గాలికే పని

1876వ సంవత్సరమున నికొలాసు ఒట్టో నిర్మించిన ఇంజను నుండి నేటివరకు నాలుగు ఘాతముల ఇంజను పని ఒక్కటే: గాలి పెట్రోళ్ళ మిశ్రమమును పీల్చుట, అదుముట, మండించుట, పొగను వెడలగొట్టుట. రెండు చుట్లు తిరిగినపుడు ప్రతి సిలిండరును ఒకమారు పీల్చును. కాబట్టి 1489 ఘన సెంటీమీటర్ల ఇంజను నిమిషమునకు 4,000 చుట్లు తిరిగినచో, పూర్తిగా నిండిన యెడల, నిమిషమునకు 2,978 లీటర్ల గాలి పీల్చవలెను. మన ప్రాంతపు వేడిలో ఆ గాలి సుమారు 3½ కిలోలు తూగును.

పెట్రోలు ఒక పాలునకు గాలి సుమారు 15 పాళ్ళు తూకమున కావలెను. అనగా ఆ గాలితో మండునది 230 గ్రాముల పెట్రోలు మాత్రమే. దానినుండి పుట్టు ఉష్ణమును అశ్వశక్తులలోనికి మార్చినచో 225కు పైగా నుండును. కాని అందు సుమారు నాలుగవవంతు మాత్రమే చక్రములవైపు పోవును. తక్కినది పొగగొట్టముగుండను, రేడియేటరుగుండను, రాపిడివలనను పోవును. పైగా సిలిండరు ఎన్నడును పూర్తిగా నిండదు. నూటికి 80 పాళ్ళు నిండినచో గొప్ప. ఈ రెండు తగ్గింపులు చేసి చూచిన 45 అశ్వశక్తులు నిలుచును. నిర్మాతలు చెప్పిన 50కి ఇది దగ్గరగా నున్నది గదా!

ఈ లెక్కనుబట్టి ఇంజను శక్తిని హెచ్చించు మార్గములు నాలుగే కలవు. ఎక్కువ గాలిని నింపుట ఒకటి. నిండినదానిని బాగుగా అదిమి, తగిన వేళ మండించుట రెండవది. చుట్లు పెంచుట మూడవది. సిలిండరును పెద్దది చేయుట నాలుగవది. ఎవరేమి అమ్మజూపినను, అది ఈ నాలుగింటిలో దేనిక్రిందకు వచ్చునో అడుగుడు. దేనిక్రిందకును రానిచో డబ్బు సంచిలోనే ఉంచుకొనుడు.

ముందు పోయినదానిని వెదకుడు

మేస్త్రీగారు పానా ముట్టక మునుపే ఆ బాలుని కారులో కూర్చుండబెట్టి, "యాక్సిలేటరు పూర్తిగా త్రొక్కు నాయనా," అని చెప్పి, తాము ముందుమూత యెత్తి కార్బ్యురేటరు చూచిరి. గాలిద్వారమును మూయు బిళ్ళ మూడువంతులే తెరచుకొనుచున్నది! పెడలుక్రింద మందపు చాప యొకటి పరచియుండెను. కడ్డీ కీలుకూడ అరిగియుండెను. చాప తీసి, కీలు సరిచేయుటకు పట్టినది పావుగంట. అయిన వ్యయము శూన్యము.

తరువాత కంప్రెషను గేజి. ఇంజనును వేడిచేసి, ప్లగ్గులన్నియు ఊడదీసి, గాలిద్వారము పూర్తిగా తెరచి, స్టార్టరుతో త్రిప్పుచు ఒక్కొక్క సిలిండరును కొలువవలెను. సంఖ్య ఎంతయను దానికంటె నాలుగును సమానముగా నున్నవా యనునది ముఖ్యము. మూడింటిలో ముల్లు 110 పౌనులు దాటెను; రెండవదానిలో 75 వద్ద నిలిచెను. అప్పుడు ఆ సిలిండరులో ఒక చెంచాడు ఇంజను నూనె పోసి మరల కొలిచిరి. నూనె పోసినపుడు ముల్లు పైకి లేచినచో దోషము పిస్టను రింగులలో నున్నదని తెలియవలెను. ఏలయనగా నూనె ఆ సందులను తాత్కాలికముగా కప్పును. లేవనిచో దోషము వాల్వులలోనో హెడ్డు గాస్కెట్టులోనో యుండును. ఇచ్చట ముల్లు లేవలేదు. ప్రక్కప్రక్కన నున్న రెండు సిలిండర్లు కలిసి తగ్గలేదు గనుక గాస్కెట్టుపై అనుమానము తక్కువ. ఇంజను మార్చుమనిన షెడ్డువారు ఈ గేజి పెట్టి చూడనే లేదని తండ్రి చెప్పెను.

హెడ్డు ఊడదీయగా రెండవ సిలిండరు పొగవాల్వు అంచు కాలి గుంటలు పడియుండెను. అది తన పీఠములోనికి కొంత దిగిపోయి యుండెను. దీనికి కారణము తెలిసికొనదగినది. పూర్వము పెట్రోలులో సీసపు సమ్మేళనము కలిపెడివారు. అది నాకింగును ఆపుటయేగాక వాల్వు పీఠములపై పలుచని పూతవలె నిలిచి వానిని కాపాడెడిది. సీసము విషమగుటచేత 2000వ సంవత్సరమున మన దేశమంతట దాని వాడుక నిలిపివేసిరి. ఇది ప్రజారోగ్యమునకు మేలే. కాని పోతఇనుప హెడ్డులోనే పీఠములు చెక్కబడిన పాత ఇంజనులలో, పెద్దబరువు లాగునపుడు పొగవాల్వులు క్రమముగా పీఠములోనికి దిగజారును. గట్టి ఉక్కు వలయములను పీఠములుగా బిగించుటయే దీనికి స్థిరమైన చికిత్స. ఒక వాల్వు, ఒక పీఠము మార్పించి, తక్కిన వాల్వులను గరుకుముద్ద పూసి చేతికఱ్ఱతో అరగదీసి కూర్చితిమి. ఆ పని చేసినది ఆ బాలుడును అతని ఇద్దరు స్నేహితులును.

గాలి మార్గము, పొగ మార్గము

గాలివడపోత మురికితో నిండియుండుట అందరు ఊహింతురు. సైలెన్సరు లోపల తుప్పుపట్టి అడ్డురేకులు ఊడి మూసికొనుట ఊహించువారు తక్కువ. పొగ వెడలనిచో క్రొత్త గాలికి చోటు దొరకదు. గొట్టము చివర చేయి యుంచి చూచుటకంటె, సైలెన్సరు ఊడదీసి దులిపి చూచుట మంచిది. మా బండి సైలెన్సరునుండి దోసెడు తుప్పు రాలెను. దానిని మార్చవలసి వచ్చినది.

చల్లనిగాలి సంగతి మరియొకటి. ముందుమూతక్రింద గాలి 60 డిగ్రీల సెంటిగ్రేడుండి బయట 30 ఉండెననుకొందము. వాయువుల సాంద్రత పరమోష్ణతకు విలోమముగా మారునని మీరు చదివితిరి. 303ను 333చే భాగింపగా 0.91 వచ్చును, అనగా వేడిగాలి పీల్చు ఇంజను నూటికి తొమ్మిదిపాళ్ళు తక్కువ గాలితో తృప్తిపడుచున్నది. గాలివడపోత మూతికి రేడియేటరు ప్రక్కనుండి మూడడుగుల గొట్టము అమర్చినచో ఈ నష్టమున కొంత తీరును. లోపలి గొట్టములలో గాలి మరల వేడెక్కును గనుక అంతయు దక్కదు. అయినను ఇంతకంటె చౌకయగు పని లేదు. గొట్టము మూతి వర్షపునీరు చేరని చోట ఉంచుట మాత్రము మరువరాదు.

ఈ ఇంజను హెడ్డులో నాలుగు సిలిండర్లకు గాలిద్వారములు రెండే. పొగకు మూడు, నడుమది రెండవ మూడవ సిలిండర్లకు ఉమ్మడి. మంటగదులను హృదయాకారమున రూపొందించినవాడు హారీ వెస్లేకు అను ఆంగ్లేయ ఇంజనీరు. హెడ్డు చేతిలో నున్నపుడు చేయదగిన చౌకపని యొకటి కలదు. గొట్టము రంధ్రమును హెడ్డు రంధ్రమును తరచుగా సరిగా కలియక మెట్టుగా నిలిచియుండును. గాస్కెట్టు అంచు త్రోవలోనికి పొడుచుకొని వచ్చును. గాస్కెట్టును అచ్చుగా నుంచి గీతగీసి, ఆ మెట్టును మాత్రము ఆకురాతితో సున్నితముగా తీసివేయవలెను. అద్దమువలె మెరుగుపెట్ట నక్కరలేదు. రంధ్రమును విశాలము చేయబోవుట అనుభవము లేనివారికి తగదు; గోడకు ఆవల నీటి మార్గమున్నది!

కార్బ్యురేటరునకు క్రొత్త సూది, జెట్టు, గాస్కెట్లు వేసి శుభ్రపరచినచో పోయిన బలము వచ్చును. ప్లగ్గుకొన ఇటుకరంగు గోధుమవన్నె నుండిన మిశ్రమము సరి, నల్లనైన పెట్రోలు ఎక్కువ, తెల్లనైన తక్కువ. ఈ కాలమున మరియొక మెలకువ అవసరము. నేడు మన దేశమున అమ్ముచున్న పెట్రోలులో 20 శాతమువరకు ఇథనాలు కలియుచున్నది. ఇథనాలులో ఆమ్లజని ముందే యుండుటచేత అది మండుటకు తక్కువ గాలి చాలును. కావున పాత జెట్టుపైననే నడచు బండిలో మిశ్రమము పలుచనగును. ఇంజను వేడెక్కును, బలము తగ్గును. ఎస్‌యు కార్బ్యురేటరున జెట్టును కొంచెము దించినచో పెట్రోలు పెరుగును. పాత రబ్బరు గొట్టములను, పెట్రోలు పంపులోని పొరను ఇథనాలు చెరచును గనుక వానిని దానికి తట్టుకొను రకముతో మార్చుట బలముకొరకు కాదు, అగ్నిభయము లేకుండుటకు.

నిప్పు పుట్టు వేళ

ఇంజను నిమిషమునకు 4,000 చుట్లు తిరుగునపుడు ఒక చుట్టునకు పట్టు కాలము సెకనులో వేయింట 15 వంతులు. ఆ వేయింట ఒక్క వంతులో ఇరుసు 24 డిగ్రీలు తిరుగును. మిశ్రమము పూర్తిగా మండుటకు అట్టివి రెండుమూడు వంతులు పట్టును. కాబట్టి పిస్టను పైకి చేరకమునుపే నిప్పు పుట్టవలెను. చుట్లు పెరిగినకొలది ఇంకను ముందుగా పుట్టవలెను. ఈ పనికై డిస్ట్రిబ్యూటరులో రెండు చిన్న బరువులు స్ప్రింగులతో అమర్చబడియున్నవి. వేగము పెరుగగా అవి విచ్చుకొని నిప్పును ముందునకు జరుపును.

మా బండిలో ఆ బరువులు తుప్పుతో బిగిసియుండెను. ఇంజను వేగము హెచ్చినను నిప్పు ఆలస్యముగనే పుట్టుచుండెను. ఆలస్యముగా మండిన మంట పిస్టనును త్రోయదు. హెడ్డును, పొగగొట్టమును కాల్చును. ఘాటులో బండి వేడెక్కుటకు ముఖ్యకారణము ఇదియే. ఆ తండ్రి రేడియేటరును రెండుమారులు కడిగించెను, పాపము! బరువులను కిరోసినుతో కడిగి, చుక్కనూనె వేసి, పాయింట్లు మార్చి 0.4 మిల్లీమీటరు సందు పెట్టి, ట్యాపెట్లను నిర్మాతల పుస్తకము ప్రకారము సరిచేసితిమి.

ఇచ్చట నా తప్పిదమొకటి ఒప్పుకొనవలెను. నిప్పు ముందైన బలము హెచ్చునని పుస్తకములో చదివిన నేను, ఇంకను కొంచెము ముందునకు జరుపుమని మేస్త్రీగారిని బలవంతపెట్టితిని. వారు నవ్వి, "తమ మాట కాదనను మాస్టరుగారూ, కొండయెక్కి చూతము," అనిరి. మైదానములో బండి లేడివలె పరుగెత్తెను, నేను గర్వించితిని. మొదటి వాలు ఎక్కుచుండగా డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్లు శబ్దము మొదలిడెను. అదియే నాకింగు. నిప్పుమొన చేరకమునుపే మిగిలిన మిశ్రమము వేడికిని అదుముటకును తాళలేక తనంతట ప్రేలుట. కొంతకాలమునకు అది పిస్టనులను చిల్లులు పొడుచును. మేస్త్రీగారు దారిప్రక్కను బండి నాపి, డిస్ట్రిబ్యూటరును వెంట్రుకవాసి వెనుకకు త్రిప్పిరి. శబ్దము మానెను. పుస్తకము త్రోవ చూపును. చెవి గమ్యము చేర్చును.

అదుముడు పెంచుట

హెడ్డు అడుగును గీయించి మంటగదిని చిన్నది చేయుట చిరకాలముగా వాడుకలోనున్న ఉపాయము. దీనివలన ఎంత లాభము? ఒక్కొక్క సిలిండరు 372 ఘన సెంటీమీటర్లు. మంటగది మొత్తము 60 ఉండినచో, 432ను 60చే భాగింపగా అదుముడు నిష్పత్తి 7.2 అగును. మంటగది 51 అయినచో నిష్పత్తి 8.3 అగును. సిద్ధాంతము ప్రకారము ఈ మార్పువలన ఉష్ణమును పనిగా మార్చు శక్తి నూటికి నాలుగున్నర పాళ్ళు పెరుగును. అనగా 50 అశ్వశక్తులకు రెండు మూడు. తక్కువని తలంపకుడు, ఇది అదనపు పెట్రోలు లేక వచ్చు లాభము.

కాని కొలువకుండ గీయింపరాదు. మంటగదిని కొలుచుటకు మన పాఠశాల ప్రయోగశాలయే చాలును. హెడ్డును తలక్రిందుగా సమముగా నుంచి, వాల్వులను ప్లగ్గును బిగించి, అంచులకు గ్రీజు పూసి, చిన్నరంధ్రము గల గాజుపలకను మూతగా వేయవలెను. బ్యూరెట్టుతో పలుచని నూనెను ఆ రంధ్రముగుండ నింపి, ఎన్ని ఘన సెంటీమీటర్లు పట్టెనో చదువవలెను. గదిమూతి వైశాల్యము 30 చదరపు సెంటీమీటర్లు ఉండినచో, ఒక మిల్లీమీటరు గీసిన మూడు ఘన సెంటీమీటర్లు తగ్గును. గాస్కెట్టు మందమును, పిస్టను పైనున్న చోటును లెక్కలో చేర్చుట మరువరాదు. నాలుగు గదులును సమానముగా నుండవలెను. అదుముడు పెరిగినకొలది నాకింగు భయము పెరుగును గనుక దొరకు పెట్రోలు ఆక్టేను సంఖ్యను చూచుకొనవలెను. ఘాటులో బరువులు లాగు టాక్సీకి ఇది తగదని మేస్త్రీగారు చెప్పగా, మేము హెడ్డు అడుగును సమతలము చేయించి అంతటితో విడిచితిమి.

ఒక్క ఇంజను, వేరువేరు లెక్కలు

అంబాసిడరు మారిసు ఆక్సుఫర్డు కారును అనుసరించి వచ్చినది. 1957 మొదలు 2014 వరకు పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో తయారయ్యెను. అందలి 1489 ఇంజను బి సిరీసు అను వంశములోనిది. ఆ వంశమునకు మూలమైన 1200 ఘన సెంటీమీటర్ల ఇంజను 1947లో ఆస్టిను కారులో వచ్చెను. ఈ 1489 ఇంజనే రెండు కార్బ్యురేటర్లతో 1953లో ఎం.జి. మాగ్నెట్టు కారున 60 అశ్వశక్తులనిచ్చెను. 1955లో వచ్చిన ఎం.జి.ఎ. అను పందెపు పోకడగల కారున 68, పిమ్మట 72 ఇచ్చెను.

సిలిండరు కొలత మారలేదు. మారినవి ఊపిరియు, అదుముడును, చుట్లును. ఎం.జి.ఎ. తన శక్తిని నిమిషమునకు 5,500 చుట్లవద్ద ఇచ్చును. అంబాసిడరు 4,200 వద్ద. ఇందు ఒక హెచ్చరిక కలదు. అశ్వశక్తి యనగా తిప్పుబలమును చుట్లతో గుణించినది. చుట్లు పెంచి సంపాదించిన శక్తి తిన్నని రోడ్డుపై పరుగెత్తువానికి ఉపయోగము. ఆరుగురిని ఎక్కించుకొని కొండయెక్కువానికి తక్కువ చుట్లవద్దనే తిప్పుబలము కావలెను. రెండవ కార్బ్యురేటరు, వాడి క్యాముషాఫ్టు కొనుటకు ముందు, నా బండి పని ఏది యని ప్రశ్నించుకొనవలెను.

ధనము వ్యర్థమగు త్రోవలు

సిలిండరు బోరు చేయించినచో బలము వచ్చునని చాలమంది నమ్ముదురు. ఈ ఇంజను బోరు 73.025 మిల్లీమీటర్లు. ఒక మిల్లీమీటరు పెంచినచో 1489 కాస్తా 1530 అగును. నూటికి మూడుపాళ్ళుకూడ కాదు. సిలిండరు అరిగినపుడు బోరు చేయింపక తప్పదు. బలముకొరకే చేయించుట దండుగ. పెట్రోలు గొట్టమునకు తగిలించు అయస్కాంతములు, టాంకీలో వేయు మాత్రలు పై నాలుగు మార్గములలో దేనిక్రిందకును రావు. సైలెన్సరు పీకివేయుటవలన శబ్దము పెరుగును. ఇరుగుపొరుగువారి కోపముకూడ పెరుగును.

ఇంజనుజాతినే మార్చదలచువారు 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షనును గమనించవలెను. రిజిస్ట్రేషను పత్రములోని వివరములు మారునట్లు బండిని మార్చుట చట్టసమ్మతము కాదు.

మరియొక మాట. గంటకు 60 కిలోమీటర్ల వేగమునుండి 80కి పోయినచో వేగము మూడవవంతే పెరుగును. బ్రేకులు అణచవలసిన శక్తి మాత్రము ఒకటిన్నర రెట్లు దాటి 1.78 రెట్లగును. అందుచేత మొదటి రూపాయి బ్రేకులకు, రెండవది టైర్లకు, మూడవది ఇంజనుకు. మా బండి వెనుక చక్రమొకటి బ్రేకు పట్టియే తిరుగుచుండెను. దానిని వదలించినపుడు భద్రతయు బలమును ఒక్కసారిగా లభించెను.

ఫలితము

శక్తి పెరిగినదని నోటితో చెప్పుట శాస్త్రము కాదు. పని మొదలిడకమునుపే ఒక తెల్లవారుజామున, నిర్మానుష్యమగు తిన్నని రోడ్డుపై తండ్రి బండి నడుపగా, నేను చేతిగడియారము పట్టితిని. మాతో కలిపి బండి సుమారు 1,400 కిలోలు. మూడవ గేరులో 30 కిలోమీటర్లనుండి 60కి చేరుటకు 15 సెకనులు పట్టెను. గతిజశక్తి పెరుగుదల సుమారు 1,46,000 జౌలులు. 15చే భాగింపగా 9,730 వాట్లు, అనగా 13 అశ్వశక్తులు. గాలిని, రాపిడిని జయించిన పిమ్మట మిగిలిన సగటు ఇది. మూడు ఆదివారముల పని తరువాత అదే రోడ్డున, అదే మనుష్యులతో పది సెకనులు పట్టెను. 14,600 వాట్లు, 19½ అశ్వశక్తులు. గేజి చదివినవాడును, లెక్క వేసినవాడును ఆ బాలుడే. ఆ కాగితము నా యొద్ద నిప్పటికిని కలదు.

వాల్వు, పీఠము, గాస్కెట్టు, సైలెన్సరు, పాయింట్లు, ప్లగ్గులు, బ్రేకుపని, లేతుపని అన్నియు కలిసి 7,000 రూపాయలకు లోపే అయ్యెను. మేస్త్రీగారు తమ కూలి పుచ్చుకొనలేదు. మనుమనికి లెక్కలు చెప్పుమనిరి, అంతే. అప్పు తేవలసిన పని లేకపోయెను. ఆ మరుసటి వారము బండి ఆరుగురితో అనంతగిరి ఎక్కెను. ఒక్క చోట నిలిచినది, కాఫీ కొరకు.

ఆ కారు తరువాత ఐదేండ్లు పనిచేసి విశ్రమించెను. కాలమును ఏ మేస్త్రీయు వెనుకకు త్రిప్పలేడు. క్రొత్తబండ్లు వచ్చినవి, బేరములు మారినవి. అయినను ఆ ఐదేండ్లలోనే బాలుడు పాఠశాల ముగించి, ఆటోమొబైలు డిప్లొమా చదివెను. వడ్డీకి పోవలసిన డబ్బు రుసుముగా మారెనని అతని తండ్రి నాతో చెప్పెను.

ఆనాడు తరగతిలో నవ్విన బాలురలో కొందరు ఈ సంచిక చదువుదురని నమ్ముచున్నాను. అతడడిగినది వెర్రిప్రశ్న కాదు. ఇంటి కష్టమును పాఠములోనికి తెచ్చి యడిగిన ప్రశ్న అది. అట్టి ప్రశ్నలు మీయొద్ద నున్నచో, విద్యార్థులారా, లేచి అడుగుడు. నాకు తెలియనిచో తెలిసినవారియొద్దకు మిమ్మును వెంటబెట్టుకొని పోయెదను.